పూల్‌కు హీటర్ కొనే ముందు మూత చూడండి, ఎర్త్ చూడండి, మీటరు చూడండి



చలికాలం రాగానే ఒకటే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. "అన్నా, పూల్‌ల నీళ్ళు చల్లగున్నయని గెస్టులు లోపలికి దిగుతలేరు. కరెంటు హీటర్ పెడదామనుకుంటున్న. ఏది మంచిది?" అని.

అడుగుతున్నవాళ్ళు పెద్ద రిసార్టుల ఓనర్లు కాదు. చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి, వికారాబాద్ దిక్కు రెండు మూడు ఎకరాల తోట ఉండి, అందులో రెండు గదులు, ఒక చిన్న పూల్ కట్టుకుని శని ఆదివారాలు పట్నం వాళ్ళకు కిరాయికి ఇచ్చుకునే మనలాంటి రైతులే. మామిడి ఒక ఏడు కాస్తది, ఒక ఏడు కాయదు. కూరగాయల ధర మన చేతిలో లేదు. గదుల కిరాయి ఇంటికి ఆసరా అవుతున్నప్పుడు తప్పేం లేదు. కాబట్టి "రైతుకు పూల్ ఎందుకు" అని ఎవరైనా వెక్కిరిస్తే పట్టించుకోకండి.

కానీ హీటర్ విషయంలో మాత్రం నా అభిప్రాయం సూటిగా చెప్తా. ముందు మూత కొనండి. తర్వాత ఎర్తింగ్, ఆర్‌సీసీబీ సరిచేసుకోండి. కనెక్షన్ ఏ కేటగిరీలో ఉందో చూసుకోండి. ఈ మూడూ అయినాకనే హీటర్ మాట. అప్పుడు కూడా కాయిల్ హీటర్ కాదు, హీట్ పంప్. ఇవన్నీ చేసే స్తోమత ఇప్పుడు లేకపోతే చలికాలం రెండు నెలలు పూల్ మూసేయండి. ఏమీ కొంపలు మునగవు.

ఎందుకు ఇంత గట్టిగా అంటున్నానో లెక్కతో చెప్తా.

నీళ్ళ లెక్క

మన తోటల్లో ఎక్కువగా కనిపించే సైజు తీసుకుందాం. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 4 అడుగుల నీళ్ళు. అంటే 800 ఘనపుటడుగులు, దాదాపు 22,600 లీటర్లు.

వెయ్యి లీటర్ల నీళ్ళను ఒక్క డిగ్రీ వేడి చేయాలంటే 1.16 యూనిట్ల కరెంటు కావాలి. ఇది ఏ కంపెనీ మార్చలేని లెక్క. ఎంత ఖరీదైన కాయిల్ పెట్టినా అంతే. ఆ లెక్కన మన పూల్‌కు ఒక్క డిగ్రీకి 26 యూనిట్లు. చలికాలంలో నీళ్ళు 20 డిగ్రీలు ఉన్నాయనుకోండి. పిల్లలు హాయిగా ఆడుకోవాలంటే 28 కావాలి. 8 డిగ్రీలు పెంచాలంటే 210 యూనిట్లు.

ఇప్పుడు షాపులో "చిన్న పూల్‌కు ఇది చాలు సార్" అని చూపించే 3 కిలోవాట్ల హీటర్ సంగతి చూడండి. గంటకు 3 యూనిట్ల వేడి ఇస్తుంది. 210 యూనిట్లకు 70 గంటలు. అంటే మూడు పగళ్ళు, మూడు రాత్రుళ్ళు ఆపకుండా నడవాలి. అది కూడా ఆ 70 గంటల్లో నీళ్ళు ఒక్క పాయింటు కూడా చల్లారకుండా ఉంటే! చల్లారకుండా ఎట్లుంటయి?

ఇంకో సంగతి. 3 కిలోవాట్లు అనేది 230 వోల్టుల దగ్గర. మన ఊళ్ళల్లో సాయంత్రం మోటర్లన్నీ నడిచేటప్పుడు వోల్టేజీ 190కి పడిపోయిందనుకోండి, అదే హీటర్ 2 కిలోవాట్ల పనే చేస్తుంది. వోల్టేజీ కొంచెం తగ్గితే వేడి ఇంకా ఎక్కువ తగ్గుతుంది. మోటరు ఎత్తుకోక మూలిగితే మనకు వినబడుతుంది. కాయిల్ మూలగదు, ఊరికే నీళ్ళు వేడి కావు, అంతే.

వేడి ఎటు పోతోంది?

మట్టి కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పైకి ఊరిన చెమ్మ ఆవిరైపోతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. పూల్ కూడా 200 చదరపుటడుగుల మూతిలేని కుండే. ఒక లీటరు నీళ్ళు ఆవిరైతే సుమారు 0.68 యూనిట్ల వేడి దాంతో పోతుంది. రాత్రికి నీటి మట్టం 3 మిల్లీమీటర్లు తగ్గిందంటే 56 లీటర్లు పోయినట్టు, 38 యూనిట్ల వేడి పోయినట్టు. ఆకాశం తేటగా ఉన్న చలి రాత్రి ఆవిరి కాకుండా ఉత్తగా పైకి పోయే వేడి దీనికి అదనం.

మన 3 కిలోవాట్ల హీటర్ రాత్రి 12 గంటలు నడిచి ఇచ్చేది 36 యూనిట్లు. అర్థమైంది కదా? రాత్రంతా మీటరు తిరుగుతుంది, తెల్లారేసరికి నీళ్ళు ఎక్కడున్నవి అక్కడే, లేదా ఇంకొంచెం కిందికి. చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే.

అందుకే ముందు మూత. పూల్ సైజుకు కత్తిరించుకునే బుడగల షీటు దొరుకుతుంది, నీళ్ళ మీద తేలుతుంది. సరిగ్గా కప్పితే పోయే వేడిలో సగానికి పైగా ఆగుతుంది. నీళ్ళు ఆవిరి కావు కాబట్టి బోరు నీళ్ళు మిగులుతాయి, క్లోరిన్ మిగులుతుంది, ఆకులు పడవు. హీటర్ లేకపోయినా మూత పనికొస్తుంది. మూత లేకపోతే హీటర్ పనికిరాదు.

ఒక్క జాగ్రత్త. ఇది తేలే షీటు, నడిచే మూత కాదు. సగం తీసి సగం ఉంచి పిల్లల్ని దింపకండి. షీటు కిందికి పోయిన పిల్లవాడు కనబడడు. మొత్తం తీసి చుట్టి పక్కన పెట్టినాకనే ఎవరినైనా దిగనివ్వాలి.

ఎండను వదలకండి

డిసెంబరులో కూడా మన దగ్గర చదరపు మీటరు నేల మీద రోజుకు 4 యూనిట్ల పైనే ఎండ పడుతుంది. మన పూల్ పైభాగం 18.6 చదరపు మీటర్లు. అంటే రోజుకు 70 యూనిట్ల పైన ఎండ పైసా ఖర్చు లేకుండా దాని మీద పడుతోంది. అందులో చాలా భాగం నీళ్ళే తాగుతాయి. పక్కన చెట్టు నీడ ఉంటే కొమ్మలు కొట్టించండి. పగలంతా వచ్చిన ఈ వేడిని రాత్రి పారబోసుకుంటున్నాం కాబట్టే నీళ్ళు చల్లగా ఉంటున్నాయి. సాయంత్రం మూత వేస్తే అదే వేడి పొద్దున దాకా నిలుస్తుంది.

ఇంకొంచెం కావాలంటే షెడ్డు రేకుల మీద నల్ల పైపు చుట్టలు పరిచి ఫిల్టర్ పంపు నీళ్ళను పగటిపూట వాటిలో తిప్పొచ్చు. డ్రిప్ పైపు ఎండకాలం మధ్యాహ్నం పట్టుకుంటే చెయ్యి ఎట్ల కాలుతదో మనకు తెల్వంది కాదు. అదే సూత్రం. ఒకే పైపును పొడుగ్గా చుట్టొద్దు, చాలా లైన్లు పక్కపక్కన రావాలి, లేకపోతే నీళ్ళు పారవు. పైపులు పరిచే జాగా పూల్ పైభాగంలో సగం నుంచి సమానం దాకా ఉండాలి. పొద్దు గూకగానే ఆ లైను వాల్వు కట్టేయాలి, లేదంటే రాత్రి అవే పైపులు నీళ్ళను చల్లబరుస్తాయి.

కాయిలా, హీట్ పంపా?

మూత వేశారు, ఎండ వాడుకున్నారు, అయినా జనవరి రాత్రి పూట గెస్టులకు వెచ్చని నీళ్ళు ఇవ్వాలి. అప్పుడు హీటర్ గురించి ఆలోచిద్దాం.

కాయిల్ హీటర్ ఒక యూనిట్ కరెంటు తీసుకుని ఒక యూనిట్ వేడి ఇస్తుంది. హీట్ పంప్ ఏసీని తిప్పి పెట్టినట్టు పనిచేస్తుంది. బయటి గాలిలో ఉన్న వేడిని లాగి నీళ్ళలోకి పంపుతుంది. ఒక యూనిట్ కరెంటుకు మన వాతావరణంలో దాదాపు నాలుగు యూనిట్ల వేడి ఇస్తుంది. మంచు పడే దేశాల్లో చలి ముదిరితే దానికి కష్టం. మన దగ్గర చలి రాత్రి కూడా దానికి ఆడుకున్నట్టే.

యూనిట్ 10 రూపాయలు అనుకుని లెక్క వేద్దాం. మీ బిల్లు చూసి మీ రేటు వేసుకోండి. 8 డిగ్రీలు పెంచడానికి కాయిల్‌తో 210 యూనిట్లు, 2,100 రూపాయలు. హీట్ పంప్‌తో 53 యూనిట్లు, 530 రూపాయలు. ఇది ఒక్కసారి వేడి చేసినందుకే. చలికాలంలో వారం వారం చేయాలి, చల్లారినప్పుడల్లా మళ్ళీ పెంచాలి. హీట్ పంప్ ధర కాయిల్ హీటర్ కంటే చాలా ఎక్కువే. కానీ తేడా ఎన్ని వారాల్లో తిరిగొస్తుందో మీ బుకింగులు చూసి మీరే వేసుకోగలరు. చలికాలం మొత్తంలో రెండు మూడు బుకింగులే వచ్చే తోటకు రెండూ దండగ. మూత చాలు.

లోడు లెక్క కూడా చూడండి. రోజులో నీళ్ళు వేడి కావాలంటే కాయిల్ 9 కిలోవాట్లు కావాలి. దానికి త్రీ ఫేజ్ తప్పదు, ఫేజుకు 13 ఆంపియర్లు. 12 కిలోవాట్ల వేడి ఇచ్చే హీట్ పంప్ కరెంటు లైను నుంచి తీసుకునేది సుమారు 3 కిలోవాట్లే. 18 గంటల్లో పని అవుతుంది. శుక్రవారం సాయంత్రం గెస్టులు వస్తారంటే గురువారం రాత్రి ఆన్ చేయాలి. "వచ్చినంక స్విచ్చేస్తా" అంటే నడవదు. కంప్రెసర్ ఉంటుంది కాబట్టి లో వోల్టేజీ దానికి కూడా పడదు. వోల్టేజీ చూసుకునే సరుకు పెట్టుకోవాలి.

ఫిట్టింగ్‌లో చూసుకోవలసినవి

పంపు, ఫిల్టర్, ఆ తర్వాత హీటర్, చివర్న క్లోరిన్, అక్కడి నుంచి పూల్. ఈ వరస తప్పకూడదు. ఫిల్టర్ కంటే ముందు హీటర్ పెడితే చెత్త పట్టుకుంటుంది. క్లోరిన్ తర్వాత హీటర్ పెడితే ఘాటు మందు నేరుగా లోహాన్ని తినేస్తుంది.

నీళ్ళు పారుతుంటేనే హీటర్ ఆన్ కావాలి. దీనికి ఫ్లో స్విచ్ ఉంటుంది. అది లేని హీటర్ ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకండి. పంపు ఆగిపోయి కాయిల్ ఒక్కటే కాలితే పైపులు కరుగుతాయి.

మన బోరు నీళ్ళు ఉప్పదనం, సున్నం ఎక్కువున్నవి. గిన్నెల అడుగున తెల్లగా పేరుకునేది కాయిల్ మీద కూడా పేరుకుంటుంది. లోపలి భాగం టైటానియం ఉన్నది అడగండి. నీళ్ళు ఒకసారి టెస్ట్ చేయించి ఆ కాగితం పట్టుకుని షాపుకు పోండి.

వైరు విషయం. మీటరు నుంచి పూల్ దాకా 60 మీటర్లు ఉందనుకోండి. 3 కిలోవాట్ల లోడుకు 2.5 ఎంఎం రాగి వైరు వేస్తే దారిలోనే 11 వోల్టుల దాకా పోతుంది. కనీసం 4 ఎంఎం వేయండి. భూమిలో వేసేది ఆర్మర్డ్ కేబుల్ అయి ఉండాలి. ఎలుక కొరికినా, గడ్డపార తగిలినా అదే కాపాడుతుంది. చేన్ల మోటరుకు అతుకుల వైరు లాగినట్టు పూల్‌కు లాగొద్దు.

ప్రాణం సంగతి

అన్నిటికంటే ముఖ్యమైంది ఇది. చలికాలం వచ్చిందంటే బకెట్‌లో రాడ్డు పెట్టి షాక్ కొట్టిన వార్తలు పేపర్లో చూస్తూనే ఉంటాం. బకెట్ దగ్గర మనిషి బయట ఉంటాడు. పూల్‌లో మనిషి మొత్తం నీళ్ళలో ఉంటాడు. ఒళ్ళంతా తడి, కాళ్ళ కింద తడి, పట్టుకునేది ఇనుప నిచ్చెన. అక్కడ కొద్ది కరెంటు కూడా చాలు.

చాలామంది "ఎంసీబీ ఉంది కదా, పడిపోతది" అంటారు. ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ 16 ఆంపియర్లు దాటితే గాని కదలదు. మనిషి గుండె ఆగడానికి ఆంపియర్‌లో పదో వంతు కూడా అక్కర్లేదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. కరెంటు అంత లీక్ అయితే కనురెప్ప వేసేలోపు లైను కట్ చేస్తుంది. పూల్ పంపు, హీటర్, లైటు మొత్తం దాని కిందే ఉండాలి. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది. నెలకు ఒకసారి నొక్కండి. పడితే బతికున్నట్టు. పడకపోతే అదే రోజు మార్చండి.

"ఆర్‌సీసీబీ ఊకె పడుతోంది" అని తీసి పక్కనపెట్టే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. అది ఊకె పడదు. ఎక్కడో లీకేజీ ఉంది, లేదా న్యూట్రల్‌కు బదులు ఎర్త్ వాడుతున్నారు. కుక్క మొరుగుతోందని కుక్కను కొట్టినట్టు చేయొద్దు, దొంగ ఎక్కడున్నడో చూడాలి.

ఎర్త్ అంటే బోరు పైపుకు ఒక తీగ చుట్టడం కాదు. ఇప్పుడు కేసింగులన్నీ ప్లాస్టిక్కే, దానికి చుట్టిన తీగ భూమిని తాకనే తాకదు. గుంత తీసి, జీఐ పైపు దింపి, బొగ్గు, ఉప్పు వేసి వేరుగా ఎర్త్ పిట్ పెట్టించండి. ఎండకాలం దాంట్లో నీళ్ళు పోయండి. పూల్ నిచ్చెన, రెయిలింగ్, పంపు బాడీ, హీటర్ బాడీ, పూల్ స్లాబులోని ఇనుప చువ్వలు అన్నిటినీ ఒకే ఎర్త్ తీగకు కలపాలి. అట్లయితే ఏదైనా తేడా వచ్చినా ఒక ఇనుముకు, ఇంకో ఇనుముకు మధ్య షాక్ ఉండదు.

పూల్ అంచు నుంచి మూడున్నర మీటర్ల లోపల సాకెట్లు, స్టార్టర్ డబ్బాలు, హీటర్ ఏదీ లేకుండా చూసుకోండి. నీళ్ళలోపలి లైటు 12 వోల్టులదే ఉండాలి. రాడ్డు హీటరు, చేతితో నీళ్ళలో వేలాడదీసే కాయిలు పూల్ దగ్గరికే రానివ్వొద్దు, మనుషులు లేనప్పుడు కూడా.

ఇక కనెక్షన్ మాట

ఇది కొందరికి కోపం తెప్పిస్తుంది. తెప్పించినా చెప్పాలి.

"బోరు మోటరుకు త్రీ ఫేజ్ ఉండనే ఉంది, ఉచిత కరెంటు, దాని మీదే హీటర్ పెడితే బిల్లే రాదు కదా" అనే సలహా తోటల్లో తిరుగుతోంది. వద్దు సోదరా.

మొదటిది చట్టం. ఒక పనికి ఇచ్చిన కరెంటును ఇంకో పనికి వాడితే విద్యుత్ చట్టం 2003లోని 126వ సెక్షన్ కింద అనధికార వాడకం. ఆ పనికి వర్తించే రేటుకు రెండింతలు వేస్తారు. 135వ సెక్షన్ కింద దొంగతనం కేసు దాకా కూడా పోవచ్చు. గదులు కిరాయికి ఇస్తున్నామంటే అది వ్యాపారం, దానికి కమర్షియల్ కనెక్షన్ తీసుకోవాలి, హీటర్ లోడు కూడా అందులో రాయించాలి. ఏఈ ఆఫీసులో అప్లై చేసుకునే పని.

రెండోది పక్క రైతు. ట్రాన్స్‌ఫార్మర్ మోటర్ల లెక్కతో పెట్టింది. దాని మీద మనం రాత్రంతా 9 కిలోవాట్లు అంటే ఒక 12 హెచ్‌పీ లోడు అదనంగా వేస్తే కాలిపోయేది అందరి ట్రాన్స్‌ఫార్మర్. మన గెస్టులు వెచ్చగా ఈదుతుంటే పక్క మడి ఎండాలా?

మూడోది, నా మనసులో ఉన్న అసలు మాట. ఈ ఉచిత కరెంటు ఊరికే రాలేదు. 2000 ఆగస్టు 28న కరెంటు ఛార్జీల పెంపు మీద జరిగిన నిరసనలో బషీర్‌బాగ్‌లో కాల్పులకు ముగ్గురు ప్రాణాలు పోయాయి. 2004లో ఉచిత కరెంటు వచ్చింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలు ఇస్తున్నారు. "రైతులకు ఉచితం దండగ, మీటర్లు పెట్టాలి" అనేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. వాళ్ళకు కావలసింది ఒక్క ఫొటో. బోరు మోటరు స్టార్టర్ నుంచి పూల్ హీటర్‌కు పోయిన వైరు ఫొటో. అది చూపించి ఎకరం పొలం ఉన్న రైతు నోటి కాడి కూడు లాగుతారు. మనం మిగుల్చుకునే రెండు వేల కోసం లక్షల మంది హక్కును పణంగా పెట్టొద్దు.

"ఇట్ల చేస్తే మనకు మిగిలేది ఏముంది?" అంటారా? వెచ్చని నీళ్ళకు వేరే రేటు పెట్టండి. హీట్ పంప్‌తో ఖర్చు ఎంతో లెక్క మీ చేతిలో ఉంది. అది కలిపి కిరాయి చెప్పండి. పట్నం వాళ్ళు తమ పిల్లల కోసం ఇస్తారు. ఇవ్వనివాళ్ళు చల్లనీళ్ళలో దిగుతారు, లేదా గట్టు మీద కూర్చుని మక్క కంకులు తింటారు.

ఈ వారమే ఒక పని చేయండి. హీటర్ షాపుకు పోకముందు మీ బోర్డు దగ్గరికి పోయి ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడండి. ఉంటే టెస్ట్ బటన్ నొక్కండి. లేకపోతే ఇవ్వాళే పెట్టించండి, అప్పటిదాకా పూల్‌లోకి ఎవరినీ దింపకండి. కిరాయికి వచ్చిన పిల్లలైనా మన ఇంటికి వచ్చిన పిల్లలే.